నోరారా ‘లలబై’

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. కొన్ని ఇంగ్లీషు మాటలంటే నాకు చెప్పలేనంత ఇష్టం. లల్లబై, వెల్వెట్, ఎకో, బటర్‌స్కాచ్, సెరెండిపిటీ... కూర కలుపుతూనో, మేడ మీద బట్టలు ఆరేస్తూనో వీటిని పైకే అనుకుంటూ ఉంటాను. అవసరం ఏమీ ఉండదు, అంటే నోటికి బాగుంటుంది. ఈమధ్య తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి విని నవ్వింది. ‘యెకో కాదమ్మా, ఎకో. వెల్వెట్ కూడా అలా అనరు’ అంది. అప్పట్నుంచి ఆ మాటలు అనబోతే నాలుక తడబడుతోంది. ఇలా ఉత్తినే మాటలు అనుకోవడం పిచ్చా? సరిగ్గా పలకాలంటే ఏం చెయ్యాలి? ఇలాంటి మాటలు ఇంకేమున్నాయి?
— ఒక పాఠకురాలు, తణుకు

సమాధానం: పిచ్చి ఏమీ కాదండీ. చిన్నప్పుడు ‘కాకీక కాకికి కాక కేకికా’ అని గుక్క తిప్పుకోకుండా అంటున్నప్పుడు ఈక ఎవరిదన్నది ఏ పిల్లకీ పట్టదు. కకారం అంగిలికి తగిలి తగిలి విడిపోతుంటే వచ్చే సరదాయే ఆట. గలగల, జలజల, రెపరెప, మిలమిల లాంటి జంట మాటలు మన భాషలో కొల్లలు. మాట చప్పుడును రుచి చూసే అలవాటు తెలుగు నోటికి పుట్టుకతోనే ఉంది. అదే నోరు ఇప్పుడు ఇంగ్లీషు మాటల రుచి మరిగింది, అంతే.

ఇంగ్లీషువాళ్ళకూ ఈ అలవాటు ఉంది. 1955లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ఒక ప్రసంగంలో ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ ‘సెలర్ డోర్’ అన్న మాటను ఉదాహరణగా చెప్పాడు. నేలమాళిగ తలుపు అని అర్థం. ఆ అర్థాన్నీ స్పెల్లింగునూ పక్కన పెట్టి వింటే అది అందమైన మాట అని ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళలో చాలామంది ఒప్పుకుంటారని ఆయన అన్నాడు. ఇప్పుడు మీరే అని చూడండి. మనం మామూలుగా అనేలా ‘సెల్లర్ డోర్’ అంటే ఇందులో అందమేముందా అనిపిస్తుంది. ఆయన చెవికి వినబడింది దాదాపు ‘సెలడో’. లకారం ఒక్కటే. రెండుచోట్లా రకారం నోట్లోకే రాదు. చివర ఓకారం గుండ్రంగా సాగి నిలిచిపోతుంది. మూడు అక్షరాలూ ఒకదాని ఒళ్ళోకి ఒకటి జారినట్టు ఉంటాయి. మాట రుచి నోరు చేసే పనిని బట్టి మారిపోతుందనడానికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు.

మీ అమ్మాయి నవ్విందని తడబడకండి. ఎదుటివాళ్ళకు అర్థమయ్యే తెలుగు యాస ఇంగ్లీషులో తప్పేమీ లేదు. కింద చెప్పబోయేవి యాస దాచుకోవడానికి కావు. మీకిష్టమైన మాటల్లో మీ నాలుకకు ఇంకా అందని రుచి కొంత మిగిలి ఉంది, దాన్ని అందుకోవడానికి. తెలుగు నోటికీ ఇంగ్లీషు మాటకూ ఉన్న పేచీలు చాలావరకు మీరు రాసిన ఐదు మాటల్లోనే బయటపడతాయి.

లల్లబైతో మొదలుపెడదాం. జోలపాట అని అర్థం. స్పెల్లింగులో మొదటి లకారం తర్వాత రెండు ‘ఎల్’లు పక్కపక్కన ఉంటాయి కాబట్టి మనం ల కింద ల వత్తు పెట్టి పలుకుతాం. మనకు వత్తు అంటే నిజంగా వత్తే: కల వేరు, కల్ల వేరు, గడి వేరు, గడ్డి వేరు. వత్తు దగ్గర నాలుక పైన అతుక్కుని దాదాపు రెట్టింపు సేపు ఆగుతుంది. ఇంగ్లీషులో ఒక మాట లోపల జంట అక్షరాలు రాతకే పరిమితం. నోటికి ఒక్కటే హల్లు. అందుకే అది ల-ల-బై. నాలుక కొస రెండే రెండుసార్లు పైకి తగులుతుంది. మొదటి ‘ల’ను నొక్కి చెప్పండి, రెండోదాన్ని తేలిగ్గా వదిలెయ్యండి, ‘బై’ని కాస్త సాగనివ్వండి. వత్తుతో పలికితే ఊయలను మధ్యలో పట్టుకుని ఆపినట్టు ఉంటుంది. వత్తు తీసేస్తే ఊయల వెళ్ళి వస్తుంది. హ్యాపీ, సమర్, బటర్‌ఫ్లై, రిబన్, మెలో... వీటన్నిటికీ ఇదే మందు. మన లాలి, లల్లాయి పక్కన ఈ మాటను పెట్టి చూడండి. పసిపిల్లను ఊరడించాల్సి వచ్చేసరికి రెండు భాషలూ లకారాన్నే పట్టుకున్నాయి.

వెల్వెట్ దగ్గర మీ అమ్మాయి పట్టుకున్న తేడా ‘వ’లో ఉంది. మన వకారంలో కింది పెదవి పై పళ్ళ దగ్గరికి వెళుతుంది కానీ గట్టిగా ఆనదు. ఇంగ్లీషు ‘వి’కి ఆనాలి. కింది పెదవి లోపలి అంచు మీద పై ముందు పళ్ళు మెల్లగా ఆనించి, గొంతుతో మూడు సెకన్లు ‘వ్‌వ్‌వ్’ అనండి. పెదవి మీద చక్కిలిగింత పుట్టాలి. పుట్టలేదంటే పళ్ళు ఆనలేదని. మరీ నొక్కితే గాలి ఆగిపోయి ‘బ’ లాంటి చప్పుడు వస్తుంది, అప్పుడు కాస్త వదులు చెయ్యండి. వెల్వెట్‌లో ఆ చక్కిలిగింత రెండుసార్లు వస్తుంది. ముఖమల్ గుడ్డ మీద వేలు అటూ ఇటూ రాసినట్టు ఉండే మాట అది. మన వకారంతో పలికితే ఆ నూగు మొత్తం పోతుంది.

‘డబ్ల్యూ’ దీనికి పూర్తిగా వేరు. అక్కడ పళ్ళకు పనే లేదు. ‘ఊయల’ అనడానికి పెదవులు ఎలా చుడతారో అలా చుట్టి, అక్కణ్ణుంచి తర్వాతి అచ్చుకు జారండి. విలో అనే చెట్టు పేరును ‘ఉ-ఇ-లో’ అని నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుతూ పోతే మూడో నాలుగోసారికి సరైన చప్పుడు వస్తుంది. అద్దం ముందు ‘వెల్వెట్, విలో, వెల్వెట్, విలో’ అంటూ పది సార్లు అనండి. మొదటిదానికి పళ్ళు కనిపించాలి, రెండోదానికి కనిపించకూడదు. ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు.

వెల్వెట్‌లో ఇంకో చిక్కు చివర ఉంది. తెలుగు అజంత భాష, అంటే మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. పొల్లుతో మాట ఆగిపోతే మన నోటికి వెలితిగా ఉండి ఒక ఉకారం తగిలిస్తాం: బస్సు, కారు, వెల్వెట్టు. ఇష్టంగా పలుకుతున్నప్పుడు ఆ ఉకారాన్ని ఆపాలంటే చివరి హల్లు దగ్గర గొంతు ముందే ఆపెయ్యాలి, ఊపిరి మాత్రమే మిగలాలి. నాలుకను ‘ట్’ స్థానంలో పెట్టి అక్కడే ఉంచెయ్యండి, విడిపించకండి. గడియ పెట్టకుండా తలుపు దగ్గరగా వేసినట్టన్నమాట. అప్పటికీ ఉకారం వస్తుంటే గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి పలకండి. ‘ట్’ తర్వాత వేళ్ళకు అదురు తగిలిందంటే అదే ఉకారం.

ఎకో. మీ అమ్మాయి అన్నది నిజమే. మన నోట్లో మాట మొదట్లో వచ్చే ‘ఎ’కు ముందు యకారం, ‘ఒ’కు ముందు వకారం తోడొస్తాయి. ఎలుకను యెలుక, ఒకటిని వొకటి అంటాం. అదే అలవాటుతో యెకో, యెలిఫెంట్, వోపెన్, వోన్లీ. అచ్చు మొదలయ్యేలోపే నాలుక పైకి లేచి, అక్కణ్ణుంచి కిందికి దిగుతుంది. ఆ దిగడమే ‘య’గా వినిపిస్తుంది. విరుగుడు ఇది: ముందు నోరు ఒక వేలు పట్టేంత తెరవండి, నాలుక కొసను కింది పళ్ళ వెనక ఆనించండి, అప్పుడు గొంతు కలపండి. కుదరకపోతే ‘హెకో’ అని మొదలుపెట్టి హకారాన్ని తగ్గిస్తూ రండి, అయిదారు సార్లకు ‘ఎకో’ మిగులుతుంది. ఒకారాలకైతే గొంతు కలిపేదాకా పెదవులు ముడవకూడదు. ఎకోలో చివరి ‘ఓ’ కూడా మన ఓకారంలా ఒక్కచోట నిలబడదు. పలుకుతుండగానే పెదవులు ‘ఉ’ వైపు దగ్గరవుతాయి. ఈ మాటను ఖాళీ బిందెలోకి వంగి అనండి. దానికి అంతకంటే తగిన చోటు ఇంట్లో ఉండదు.

బటర్‌స్కాచ్ లోపల మూడు వేర్వేరు పనులున్నాయి. ‘ట’ దగ్గర మన నాలుక వెనక్కి మడుచుకుని అంగిలిని తాకుతుంది. ఇంగ్లీషు ‘టి’కి నాలుక కొస పై పళ్ళ వెనక ఉండే చిగురు గట్టును తాకుతుంది, అంటే మన ‘త’కూ ‘ట’కూ మధ్య. ‘త’ అని మొదలుపెట్టి, నాలుక కొసను పళ్ళ మీంచి వెనక్కి జరుపుతూ పోతే చిన్న గట్టు తగులుతుంది, ఆ చోటే. అమెరికా పలుకులో ఇది మరీ తమాషాగా ఉంటుంది. బటర్, వాటర్ లాంటి మాటల నడుమ ఉండే ‘టి’ని వాళ్ళు ఒక్క తట్టు తట్టి వదిలేస్తారు; అది దాదాపు మన ‘చీర’లోని ‘ర’. వాళ్ళు కష్టపడకుండా అనే ఆ చప్పుడు మనకూ కష్టపడకుండానే వస్తుంది.

‘స్కా’ విషయంలో మీరు చెయ్యాల్సిందేమీ లేదు. ఇంగ్లీషులో నొక్కి పలికే అక్షరం మొదట్లో ‘ప, ట, క’లు ఉంటే వాటి వెంట ఊపిరి దూసుకొస్తుంది, కొంచెం ఖ, ఠ, ఫ లాంటి మన ఒత్తక్షరాల్లాగా. ముందు సకారం ఉంటే ఆ ఊపిరి రాదు. కాబట్టి స్కాచ్, స్పిన్, స్టార్ మాటల్లో తెలుగు ‘క, ప’లు సరిగ్గా సరిపోతాయి. చివరి ‘చ్’ మాత్రం ‘చిలక’లోని చ అయి ఉండాలి, ‘చాప’లోని చ కాదు. పెద్దవాళ్ళు చాక్లెట్‌ను ‘ౘాక్లెట్టు’ అనడం మీరు వినే ఉంటారు. మనకు చకారాలు రెండు, ఇంగ్లీషుకు ఒకటే.

సెరెండిపిటీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అసలైన సుఖం ఇక్కడే ఉంది. వెతకని మంచి వస్తువు అనుకోకుండా దొరకడాన్ని ఇలా అంటారు. 1754 జనవరి 28న రాసిన ఒక ఉత్తరంలో ఇంగ్లీషు రచయిత హొరేస్ వాల్పోల్ ఈ మాటను సృష్టించాడు. సెరెండిప్ అన్నది శ్రీలంకకు పాత పేరు. ఆ దేశపు ముగ్గురు రాకుమారుల పర్షియన్ కథ నుంచి తీసుకున్నాడు. ఇక పలుకు. మన చెవి బరువును గురులఘువుల్లో తూస్తుంది. దీర్ఘమో, వెనక సంయుక్తాక్షరమో ఉంటే గురువు. ఆ లెక్కన ‘సె-రెన్-డి-పి-టీ’లో బరువు ‘రెన్’ మీదా ‘టీ’ మీదా పడుతుంది. ఇంగ్లీషు బరువు మన లెక్కకు లఘువైన ‘డి’ మీద పడుతుంది. తెలుగు నోటికి ఈ మాట ఎందుకు ఎగుడుదిగుడుగా ఉంటుందంటే ఇందుకే. ఇంగ్లీషులో ఒక్కో మాటకు ఒక్కో అక్షరం మీద ఊనిక ఉంటుంది. ఆ అక్షరం గట్టిగా, కొంచెం హెచ్చు స్థాయిలో, కొంచెం ఎక్కువసేపు పలుకుతుంది. మిగతావి నలిగి సన్నబడతాయి, వాటి అచ్చులు చాలాసార్లు ఎటూ కాని బలహీనమైన ‘అ’గా మారిపోతాయి. అందుకే నోట్లో అది ‘సెరన్-డి-పటి’.

దీన్ని వెనక నుంచి కట్టుకుంటూ రావాలి. ముందు ‘డి’ ఒక్కటే అనండి, అంటూ తొడ మీద ఒక దరువు వెయ్యండి. తర్వాత ‘డిపటి’, దరువు ‘డి’ మీదే. తర్వాత ‘రన్‌డిపటి’. చివరికి ‘సెరన్‌డిపటి’. ఒక్కో మెట్టు నాలుగైదు సార్లు. ముందు నుంచి పేర్చుకుంటూ వస్తే ఊనిక అక్షరం చేరేసరికి ఊపిరి అయిపోయి మాట చివర చల్లబడుతుంది, వెనక నుంచి వస్తే ఎప్పుడూ తెలిసిన దారిలోకే దిగుతారు. ఊనిక ఎంత పని చేస్తుందో చూడాలంటే ఫోటోగ్రాఫ్ కుటుంబాన్ని పట్టుకోండి. ‘ఫో-టగ్రాఫ్’, ‘ఫ-టా-గ్రఫర్’, ‘ఫోట-గ్రా-ఫిక్’. ఊనిక మొదటిదాంట్లో ‘ఫో’ మీద, రెండోదాంట్లో ‘టా’ మీద, మూడోదాంట్లో ‘గ్రా’ మీద. దరువు కదిలినప్పుడల్లా అచ్చులన్నీ కదులుతాయి. మనం మూడింట్లోనూ ‘ఫోటోగ్రా’ను అలాగే ఉంచుతాం. మృదంగం మీద ఒకే జతి తిప్పి తిప్పి వాయించినట్టు ఈ మూడు మాటలూ వరసగా అనుకుంటే భలే ఉంటుంది.

ఊనిక ఎక్కడుందో ఊహించకండి, నిఘంటువు చూడండి. కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ నిఘంటువులు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. బ్రిటిష్ పలుకు, అమెరికన్ పలుకు రెండూ వినిపిస్తాయి. పలుకు గుర్తుల్లో అక్షరానికి ముందు పైన నిలువు గీత ఉంటే అక్కడే ఊనిక. తిరగేసి రాసిన చిన్న ‘ఈ’ అక్షరం కనిపిస్తే అది ఆ నలిగిన ‘అ’. ఈ రెండు గుర్తులు తెలిస్తే చాలు. సైలెంట్ అక్షరాల సంగతీ అక్కడే తేలిపోతుంది. విసుల్ (ఈల), లిసన్ (విను), కాసుల్ (కోట) మాటల్లో ‘టి’ పలకదు, ఆమండ్ (బాదం)లో ‘ఎల్’ సాధారణంగా పలకదు, సటుల్ (సూక్ష్మమైన)లో ‘బి’ పలకదు. రాసినట్టే చదివే భాష నుంచి వచ్చిన మనం ఇక్కడ మోసపోవడం సహజం.

మీ ఐదింట్లో లేని చప్పుళ్ళు మూడు నాలుగున్నాయి. ముఖ్యమైనది ‘జెడ్’. బ్రీజ్, డ్రిజిల్, హేజల్, జిగ్‌జాగ్. మనకు జకారాలు రెండు: ‘జీవి’లోది ఒకటి, ‘జున్ను’లోది ఒకటి. రెండోదాన్ని పాత నిఘంటువుల్లో ౙ అని వేరుగా చూపేవారు. ఆ జున్ను జకారమే మీకు మెట్టు. అది పలికేటప్పుడు నాలుక కొస పళ్ళ దగ్గర ఒకసారి తగిలి విడిపోతుంది. ఆ తగలడం మానేసి, వెంట్రుకవాసి సందు ఉంచి సాగదీయండి, తుమ్మెద ఝుమ్మన్నట్టు. రాకపోతే ‘స్‌స్‌స్’ అని సాగదీస్తూ మధ్యలో గొంతు కలపండి, తియ్యండి, మళ్ళీ కలపండి. గొంతు మీద వేళ్ళకు అదురు వచ్చి పోతుంటుంది. ఇదే కిటుకు ‘ష్‌ష్‌ష్’తో చేస్తే మెజర్, ట్రెజర్ మాటల నడుమ ఉండే, తెలుగులో లేని మెత్తటి చప్పుడు దొరుకుతుంది. దాన్ని ‘జ’గా పలికితే ట్రెజర్‌లో నిధి మూత పడిపోతుంది. బ్రీజ్‌లో ‘ఈ’ని బాగా సాగదీయండి. గొంతు కలిసిన హల్లు చివర ఉంటే దాని ముందు అచ్చు పొడవుగా సాగుతుంది, పీస్‌లో అంత సాగదు.

యాపిల్, ల్యాంటర్న్ మొదట్లో ఉండే అచ్చు మనకు లేదనుకుంటారు చాలామంది. ఉంది. ‘మేక’ అనండి, వెంటనే గోడకు కొట్టే ‘మేకు’ అనండి. రాతలో ఒకే ‘మే’, నోట్లో రెండు. మేకలో దవడ ఎక్కువ దిగుతుంది, నోరు అడ్డంగా తెరుచుకుంటుంది. ఆ అచ్చునే కాస్త పొట్టిగా పలికితే ల్యాంటర్న్‌కు సరిపోతుంది. రాతలో మనం పెట్టే య వత్తు ఒక గుర్తు మాత్రమే. దాన్ని యకారంగా పలికితే లాంతరు ఆరిపోతుంది.

ఫెదర్, థిసుల్ మాటలకు మన ‘ద, థ’లు గాలిని పూర్తిగా ఆపేస్తాయి. నాలుక కొసను పై పళ్ళ అంచుకు తగిలీ తగలనట్టు ఉంచి గాలిని పోనివ్వండి. సరిగ్గా వస్తే నాలుక కొసకు చల్లగా తగులుతుంది. థిసుల్ అంటే ముళ్ళ మొక్క, స్కాట్లాండ్ జాతీయ చిహ్నం. ముళ్ళ మొక్కకు ఇంత మెత్తటి పేరు పెట్టుకున్నారు. లిటిల్, బాటిల్ అనేటప్పుడు ‘టి’ తర్వాత ‘ఇ’ వద్దు. నాలుక కొసను గట్టు మీద నుంచి తియ్యకుండానే రెండు పక్కల్ని మాత్రం కిందికి దించండి. గాలి చెంపల వైపు చిన్న చప్పుడుతో జారుతుంది. ఒక్కసారి దొరికిందంటే రోజంతా లిటిల్ లిటిల్ అంటూనే ఉంటారు. చివరి లకారాన్ని ‘ళ’ చెయ్యకండి, నాలుక మడత పడకూడదు. వెనక భాగం మాత్రం ‘ఉ’కు లేచినట్టు కొద్దిగా లేస్తుంది.

ఇక సాధన. రోజుకు ఏడెనిమిది నిమిషాలు, మూడు మాటలు, అంతకు మించి వద్దు. పలకకుండా మూడుసార్లు వినండి. నెమ్మదిగా, వెనక నుంచి కడుతూ పలకండి. తర్వాత ఫోన్‌లో రికార్డు చెయ్యండి. ఫోను నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా పక్కకు ఉండాలి, లేకపోతే ‘ప’కారాల గాలి దెబ్బకు రికార్డింగు పగిలిపోతుంది. మన గొంతు మనకు ఎముకల గుండా కూడా వినబడుతుంది కాబట్టి రికార్డులో అది కొత్తగా, సన్నగా తోస్తుంది. ఆ ఇబ్బంది వారంలో పోతుంది. వింటున్నప్పుడు ఒక్కటే చూడండి: ఇవాళ వకారం, రేపు ఊనిక. అన్నీ ఒకేసారి సరిదిద్దబోతే నోరు బిగుసుకుంటుంది, మీరు ఇప్పుడు పడుతున్న తడబాటు అదే.

ఎవరైనా వింటారేమోనని గుసగుసగా అనడం మాత్రం మానండి. గుసగుసలో గొంతు అదరదు. అదురు లేకపోతే ‘వి’ దాదాపు ‘ఎఫ్’ అయిపోతుంది, ‘జెడ్’ దాదాపు ‘ఎస్’ అయిపోతుంది. వెల్వెట్ కాస్తా ఫెల్ఫెట్ అవుతుంది. బిగబట్టి గుసగుసలాడితే గొంతుకూ శ్రమే. తలుపు వేసుకుని చిన్న గొంతుతో పలకడం మేలు. ఒకే మాటను ఆపకుండా ముప్ఫై నలభై సార్లు అనకండి. అర్థం ఆవిరైపోయి ఉత్త చప్పుడు మిగులుతుంది. మనస్తత్వశాస్త్రంలో దీన్ని సెమాంటిక్ సేషియేషన్ అంటారు. కాసేపు వదిలేస్తే తిరిగొస్తుంది కానీ ఆ రోజుకు రుచి పోయినట్టే. పది సార్లు అని పక్కన పెట్టి, మర్నాడు మళ్ళీ అందుకోండి.

కొత్త మాటలు అడిగారు. అర్థం బాగుందని ఎంచుకుంటే త్వరగా విసుగు పుడుతుంది. బ్రిటిష్ కౌన్సిల్ 2004లో తన 70 ఏళ్ళ సందర్భంగా ఇంగ్లీషు మాతృభాష కాని దేశాల వాళ్ళను అందమైన ఇంగ్లీషు మాట ఏదని అడిగితే ‘మదర్’ మొదటి స్థానంలో వచ్చింది. అది మనసు వేసిన ఓటు. నోటితో ఓటు వేయించాలంటే చప్పుడు చూడాలి. భాషాశాస్త్రవేత్త డేవిడ్ క్రిస్టల్ ఇంగ్లీషువాళ్ళు ఇష్టపడే మాటలను పరిశీలించి కొన్ని పోలికలు పట్టుకున్నాడు: మూడు అంతకు మించి అక్షరాలు, మొదటిదాని మీద ఊనిక, మకార లకారాలు, ఒక్కో హల్లుకు నోరు వేరే రకంగా కదలడం. ఆ గుణాలన్నీ కుదిరిన మాటగా ఆయన చూపించింది ట్రెమ్యులస్, అంటే సన్నగా వణికేది. దాన్ని మీ పట్టీలో చేర్చండి.

పెదవులకు పని కావాలంటే మార్మలేడ్, బబుల్, మర్మర్. మన మర్మరధ్వని ఆకుల చప్పుడు, వాళ్ళ మర్మర్ గొణుగుడూ సెలయేటి చప్పుడూ. రెండూ గలగలలాగే జంట కట్టిన మాటలు. మెరుపు కావాలంటే ‘గ్ల’తో మొదలయ్యేవి: గ్లో, గ్లీమ్, గ్లిమర్, గ్లిటర్, గ్లిసన్. వెలుగుకు సంబంధించిన మాటలు ఇన్ని ఒకే చప్పుడుతో మొదలవుతాయి. ఇలాంటి చప్పుళ్ళకు భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ 1930లో ఫోనస్తీమ్ అని పేరు పెట్టాడు. మన తళతళ, మిలమిల, నిగనిగ పక్కన పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి అనండి. ‘గ్’కూ ‘ల’కూ మధ్య ‘గులిమర్’లాగా అచ్చు దూరకుండా చూసుకోండి. ‘గ’ అనేముందే నాలుక కొసను ‘ల’ స్థానంలో పెట్టి ఉంచితే దూరదు.

ఊపిరి కోసం పెపర్‌మింట్. రెండు వేళ్ళ వెడల్పు, జానెడు పొడవు కాగితం ముక్క పెదవులకు మూడంగుళాల దూరంలో వేలాడదీసి పలకండి. మొదటి ‘పె’కు కాగితం ఎగరాలి, రెండో ‘ప’కు కొద్దిగా కదిలితే చాలు. ‘పాప’ అంటే కదలదు చూడండి. మన పిప్పలి సముద్రాలు దాటి గ్రీకు, లాటిన్‌ల మీదుగా పెపర్ అయింది. ఆ పెపర్ ఉన్న పెపర్‌మింట్ తిరిగొచ్చి మన కిరాణా కొట్టు సీసాలో పిప్పరమెంటు బిళ్ళయింది. వచ్చిన వెంటనే దానికి మళ్ళీ పకారం వత్తు తగిలించుకున్నాం.

మీ అమ్మాయితో కలిసి అనడానికి ఒక మాట దాచిపెట్టాం. బ్యాండికూట్. ఇది మన పందికొక్కే. తెలుగు మాటే ఇంగ్లీషులోకి వెళ్ళింది, తర్వాత ఆస్ట్రేలియాలో పొట్టకు సంచి ఉండే ఒక చిన్న జంతువుకూ ఆ పేరే పెట్టారు. ముందు ఆమె చేత ‘పందికొక్కు’ అనిపించండి: ‘ప’కు ఊపిరి రాకూడదు, ‘ద’ పళ్ళను తాకాలి, ‘క్కు’ దగ్గర వత్తు నిండుగా ఆగాలి. తర్వాత మీరు ‘బ్యాండికూట్’ అనండి: మేకలోని అచ్చుతో మొదలు, దరువు మొదటి అక్షరం మీద, ‘డి’ చిగురు గట్టు మీద, ‘క’ ఒక్కటే, చివర ఉకారం లేని ‘ట్’. వంతులు మార్చుకుని అయిదేసి సార్లు. ఈసారి వత్తు దగ్గర తడబడేది ఆమె కావచ్చు.